మేనమామ ఇస్తానన్న పాత పికప్పు, పద్దెనిమిదికి దగ్గరపడ్డ గుంటడు

మాస్టారూ, మీరు అడిగింది మిగతావాళ్లకి కూడా తెలియాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మీది చీపురుపల్లి దగ్గర పల్లె. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, వచ్చే దీపావళికి 18 నిండుతాయి. వాళ్ల మేనమామ దగ్గర 2012 బొలేరో పికప్పు ఉంది. పలాసలో జీడి బస్తాలు తోలింది, మధ్యలో కొన్నాళ్లు భావనపాడు చేపలు తోలింది, ఇప్పుడు చెట్టు కింద పడి ఉంది. చవగ్గా ఇస్తానన్నాడు. కుర్రాడేమో దాన్ని ఎత్తు లేపి, పెద్ద టైర్లు ఎక్కించి, ముందు ఇనప గార్డు, పైన లైట్ల బారు పెట్టి కాలేజీకి తోలుకుంటానంటున్నాడు. "మొదటి బండిగా ఇది పనికొస్తుందా, ఏమేం మార్పించాలి" అని మీ ప్రశ్న.

మార్పుల సంగతికి ముందు నెంబరు ప్లేటు రంగు చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి అది పసుపు ప్లేటే అయి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లకి కారు తోలొచ్చు గానీ, ట్రాన్స్‌పోర్టు బండి (కిరాయికీ సరుకుకీ రిజిస్టరైన బండి) తోలాలంటే 20 నిండాలి. సొంత పొలం ధాన్యమే వేసుకున్నా, ఖాళీగా కాలేజీకి వెళ్లినా పసుపు ప్లేటు పికప్పు ట్రాన్స్‌పోర్టు బండే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చూపించి "ఎల్‌ఎంవీ (కార్ల లాంటి తేలిక బండ్ల) లైసెన్సు ఉంటే చాలు, ఏదైనా తోలొచ్చు" అని చెప్పేవాళ్లు మీకు తగులుతారు. ఆ తీర్పు లైసెన్సు తరగతి గురించి. 7500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండికి ఎల్‌ఎంవీ లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంటు, అంటే అదనపు అనుమతి, అక్కర్లేదంది. 20 ఏళ్ల వయసు మాట చట్టంలో అలాగే ఉంది.

కాబట్టి దీపావళికి లైసెన్సు చేతికొచ్చినా, ఈ బండి మీద రోడ్డెక్కడానికి మీవాడికి ఇంకో రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఏమన్నా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ దెబ్బ తగిలినవాళ్లకి డబ్బు కట్టి, అర్హత లేనివాడు తోలాడని ఆ మొత్తం ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఓనరంటే మీరే. ఇక 18 నిండకుండా తోలితే 199ఎ సెక్షన్ ఉంది. తండ్రికో ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25 వేలు జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "మన ఊళ్లో ఎవడు చూస్తాడు" అనే మాట నేను రోజూ వింటాను. మామూలు రోజుల్లో ఎవడూ చూడడు నిజమే. ఎవరికైనా తగిలిన రోజు అందరూ చూస్తారు.

దాన్ని తెల్ల ప్లేటుకి మార్పించుకోవచ్చా అంటే, సరుకు బండిగా కంపెనీ నుంచి వచ్చినదాన్ని సొంత వాడకానికి మార్చాలంటే రవాణా శాఖ ఒప్పుకోవాలి. డబ్బు చేతులు మారకముందే విజయనగరం ఆఫీసుకి వెళ్లి, ఆర్‌సీ నకలు చూపించి, అర్జీ పెట్టి రాతలో జవాబు తీసుకోండి. ఏజెంటు నోటిమాట మీద కొనకండి. పికప్పు ఆకారమే మోజైతే తెల్ల ప్లేటుతో తిరిగేవి ఉన్నాయి. ఇసుజు వి-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. కాకపోతే పాతది కూడా మీ బావమరిది చెప్పిన ధరకి రాదు, విడిభాగాలూ ఖరీదే.

ఇంత చెప్పాక కూడా కొనొద్దని నేననను. రెండేళ్లు వాడి చేతికి పాన పట్టించండి. ఇంట్లో ఇంకెవరైనా అర్హత ఉన్నవాళ్లు తోలుకోండి. వాడు మాత్రం మీ సొంత కళ్లంలోనో తోటలోనో, జనం రాకపోకలు లేని చోట, మీరు పక్క సీట్లో కూర్చుండగా క్లచ్చు, గేరు, రివర్సు నేర్చుకుంటాడు. ఇరవై నిండేసరికి ఆ బండిలో ప్రతి నట్టూ వాడికి తెలిసి ఉంటుంది. మొదటి బండి వల్ల వచ్చే లాభం నాకు తెలిసి అదే.

ఇప్పుడు బండి. చేపలు తోలింది అన్నారు చూడండి, నా భయమంతా అక్కడే. జీడి బస్తాలు ఎన్ని తోలినా బండికి పెద్ద నష్టం ఉండదు. టెక్కలి వైపు గ్రానైటు రాయి తోలితే కమాన్లు (బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు), హౌసింగు (వెనక యాక్సిలు ఉండే గొట్టం) పోతాయి, కానీ అవి మార్చుకోగలం. చేపల బండిలో ఉప్పు కలిసిన ఐసు నీరు రాత్రంతా తొట్టి సందుల్లోంచి చాసీ మీదకి కారుతుంది. చాసీ బీము పెట్టెలా ఉన్న చోట ఆ నీరు లోపల చేరి, లోపలి నుంచి తింటుంది. బయటికి నల్ల రంగు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అమ్మే ముందు కింద నల్ల రంగు కొట్టించడం మన దగ్గర మామూలే కాబట్టి ఆ నిగనిగ చూసి మోసపోకండి.

చూసే పద్ధతి చెప్తాను. పగటి పూట, బండి ఎత్తుగా ఉన్న చోట పెట్టించి, వెనక కమాను బ్రాకెట్టు చాసీకి రివిట్లతో కలిసిన చోటు దగ్గర పడుకోండి. చిన్న సుత్తితో బీము పొడవునా తట్టుకుంటూ రండి. మంచి ఇనుము టంగుమంటుంది. తిన్న చోట బొద్దుగా, తడి మట్టి మీద కొట్టినట్టు వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా నొక్కండి. పెచ్చు ఊడి లోపలికి దిగితే అక్కడితో ఆపేయండి. "ప్లేటు వేసి వెల్డింగు కొట్టిస్తే సరి" అంటారు. తొట్టికి వెల్డింగు సరే. కమాను బ్రాకెట్టు దగ్గర కుళ్లిన చాసీకి అతుకేస్తే, అతుకు పక్కన మళ్లీ చిరుగుతుంది, అదీ బరువు మీద గోతిలో పడ్డప్పుడు. అలాంటి బండి ఉచితంగా ఇచ్చినా వద్దు. మిగతా తుప్పు, అంటే తలుపు అడుగులు, మడ్‌గార్డులు, తొట్టి నేల, టింకరింగుతో పోయేవే. తలుపు మీద అయస్కాంతం ముక్క ఆనించి చూస్తే లాంబీ (సొట్టలు పూడ్చే పుట్టీ) ఎంత మందంగా పెట్టారో అదే చెప్తుంది.

ఇంజన్ గురించి మీరు చాలా రాశారు, నేను కొంచెమే చెప్తాను. అది 2523 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిలు, ఏ షెడ్డులో అయినా విప్పుతారు, సామాను ఎక్కడైనా దొరుకుతుంది. పొద్దున్నే చల్లగా ఉండగా స్టార్టు చేయించండి, మీరు వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే అనుమానించండి. ఆయిలు మూత తీసి చూడండి. ఇంజన్ నడుస్తుండగా అక్కణ్నుంచి బ్యాక్ కంప్రెషన్ (లోపలి గాలి, పొగ) దమ్ముగా కొడుతుంటే బోరు, రింగులు అయిపోయాయన్నమాట, ఆ మేరకు ధర తగ్గించండి. డీజిలు పంపు స్క్రూ తిప్పి "పికప్పు (వేగం అందుకోవడం) పెంచుతాం" అనేవాళ్ల దగ్గరికి కుర్రాణ్ని పంపకండి. నల్ల పొగ, వేడి, డీజిలు ఖర్చు పెరుగుతాయి, పొల్యూషన్ సర్టిఫికెట్టు రాదు. కుర్రాడి మొదటి బండికి బలం తక్కువవడం నా లెక్కలో మంచి గుణం.

డబ్బు పెట్టాల్సిన చోటు బ్రేకులు. మీ చేతిలో లక్ష ఉంటే అందులో ముప్పావు వంతు చక్రాలు, బ్రేకులు, స్టీరింగు దగ్గర అయిపోవాలి. కుర్రాడికి ఇది నచ్చదు, ఫొటోలో కనపడదు కదా.

ఖాళీ పికప్పుకి కారుకి లేని జబ్బు ఒకటుంది. బరువంతా ముందు ఇంజన్ మీద ఉంటుంది, వెనక తొట్టి ఖాళీ. బ్రేకు గట్టిగా తొక్కితే బరువు ఇంకా ముందుకి పడి వెనక చక్రాలు తేలిపోతాయి, పట్టేసి జారతాయి, బండి తోక తిప్పుతుంది. చినుకు పడ్డ కొత్తలో, రోడ్డు మీద దుమ్ము జిడ్డుగా మారినప్పుడు ఇది మరీ ఎక్కువ. పాత పికప్పుల్లో ఏబీఎస్ (చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉండదు. అందుకే చాలా పికప్పులకి వెనక హౌసింగు దగ్గర ఒక వాల్వు పెట్టి, దాన్ని చిన్న రాడ్డుతోనో స్ప్రింగుతోనో యాక్సిలుకి కలుపుతారు. బరువేస్తే తొట్టి కిందికి దిగుతుంది, రాడ్డు కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకి ఎక్కువ ఆయిలు ఒత్తిడి వదులుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పాత బండ్లలో ఈ వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయో, "గొడవెందుకు" అని మేస్త్రీ తీసేసి పైపు నేరుగా కలిపేసో ఉంటుంది. మీవాడికి పూర్తి స్థాయిలో వెనక బ్రేకు అందే ఖాళీ బండి ఇస్తే ఏమవుతుందో పైన చెప్పాను.

ఇప్పుడు వాడు అడిగిన "ఎత్తు లేపడం" దీనితో కలిపి చూడండి. కమాన్ల కింద దిమ్మలు పెట్టి బాడీ పైకి లేపితే, ఆ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటుంది. నిజంగా బరువేసిన రోజున వెనక బ్రేకు చాలదు. ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి చేర్చే కడ్డీ) కోణం మారి దాని క్రాసులు, అంటే కీళ్లు, త్వరగా అరుగుతాయి, వెనక బ్రేకు హోసు సాగుతుంది, మలుపులో బండి పక్కకి ఒరగడం పెరుగుతుంది. అసలే ఎత్తు బండి, కొత్త చేతులు. నేనైతే ఒక్క అంగుళం కూడా లేపనివ్వను.

బ్రేకుల పని ఇలా చేయించండి. నాలుగు చక్రాలూ విప్పించి హబ్బు బేరింగులు కడిగించి కొత్త గ్రీజు పెట్టించండి. ముందు ప్యాడ్లు, డిస్కు మందం చూడండి. వెనక డ్రమ్ములు విప్పితే వీల్ సిలిండరు రబ్బరు బుడ్డీ పక్కకి ఒలిచి చూడమనండి. లోపల తడి ఉంటే ఆ సిలిండరు మార్చాల్సిందే, "ఇంకొన్నాళ్లు వస్తుంది" అంటే వినకండి. రబ్బరు హోసులు పాతవి అన్నీ మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు. బ్రేకు ఆయిలు మొత్తం తీసి కొత్తది పోయించండి. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టింది 140 దగ్గరే మరిగిపోతుంది. సాలూరు దాటి సుంకి ఘాటు దిగేటప్పుడు పెడలు మెత్తబడి కిందికి పోయిందని చెప్పేవాళ్ల బండ్లలో ఎక్కువ భాగం ఇదే కథ. కొత్త ఆయిలు పోశాక గాలి తీసేటప్పుడు మీవాణ్ని పెడలు దగ్గర కూర్చోబెట్టండి. మాస్టరు సిలిండరుకి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి, "తొక్కు, పట్టు, వదులు" అని మేస్త్రీ చెప్తుంటే, నిప్పిల్లోంచి (చక్రం దగ్గర గాలి వదిలే మరలోంచి) బుడగలు ఆగి ఆయిలు ధారగా వచ్చేదాకా తొక్కుతాడు. పెడలు కింద రాయిలా గట్టిపడడం పాదానికి తెలిస్తే, రేపు అది మెత్తబడ్డ రోజున వాడికి వెంటనే తెలుస్తుంది.

టైర్ల దగ్గరికొస్తే, దీనికి మామూలుగా వచ్చే 215/75 ఆర్ 15 సైజే ఉంచండి. 235/75 వేస్తే చక్రం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరుగుతుంది. మీటరు 60 చూపించినప్పుడు బండి నిజంగా 62 పైన పోతుంటుంది, బ్రేకుకి పని పెరుగుతుంది, మలుపు తిప్పితే మడ్‌గార్డుకి ఒరుసుకుంటుంది. సైజు కన్నా వయసు ముఖ్యం. టైరు పక్క గోడ మీద చివర నాలుగంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని. బొద్దులు (రోడ్డుకి ఆనే గళ్లు) నిండుగా ఉన్నా చెట్టు కింద ఎండావానకి నిలబడ్డ టైరు గోడల మీద సన్నటి పగుళ్లు వస్తాయి, అవి తీసేయాలి. ముందు చక్రాలకి రీట్రెడ్ టైర్లు (పాతదాని మీద కొత్త రబ్బరు అతికించినవి) అసలొద్దు. ఖాళీ బండికి వెనక గాలి బరువు బండికి పట్టినంత పట్టించకండి. తలుపు దగ్గర స్టిక్కరు మీద ఖాళీకి, లోడుకి వేరువేరుగా రాసి ఉంటే అది పాటించండి.

స్టీరింగు ఆట గురించి, చక్రం 30 డిగ్రీల వరకు ఖాళీగా తిరిగినా నిబంధనలు ఒప్పుకుంటాయి. అందులో సగం ఉన్నా నేను ఒప్పుకోను. టై రాడ్ ఎండ్లు, బాక్సు సర్దుబాటు చూపించి వీల్ అలైన్‌మెంటు చేయించండి, అయిపోతుంది.

ఇనప గార్డు వద్దే వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. తగిలితే రోడ్డు మీద నడిచేవాడి కాళ్లు విరుగుతాయి, గుద్దుకున్న దెబ్బ బంపరు నలిగి తగ్గాల్సింది తగ్గకుండా నేరుగా చాసీకి, లోపలున్నవాళ్లకి వస్తుంది. పైన లైట్ల బారు కూడా అంతే, ఎదురొచ్చే బండివాడికి కళ్లు పోతాయి. మొత్తంగా చట్టం సంగతి ఇది: కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పు ఏదీ కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణలో, అలా మార్చిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. పసుపు ప్లేటు బండిని ఎలాగూ ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి, ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా. గార్డు విప్పి తీసుకెళ్లి వచ్చాక మళ్లీ బిగించే తిప్పలు మీకెందుకు? 15 ఏళ్లు దాటాక ఆ ఫీజు బాగా పెరుగుతుంది, మీ బండికి అది 2027లో, అంటే మీవాడు తోలడం మొదలెట్టకముందే. ఆ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి.

వెలుతురు మాత్రం వాడికి నిజంగా కావాలి, కాబట్టి అది సరిగ్గా ఇద్దాం. పాత బండిలో హెడ్‌లైటు మసకగా వెలగడానికి చాలాసార్లు బల్బు కారణం కాదు. కరెంటు స్విచ్చు లోంచి, పాత సన్నటి వైర్ల లోంచి తిరిగొచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలేతో నేరుగా కొత్త వైరింగు వేయించి, మామూలు 60/55 వాట్ల హాలోజన్ బల్బే పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. 100 వాట్ల బల్బులు పెడితే హోల్డర్లు కరుగుతాయి. రిఫ్లెక్టరు పాతబడి పసుపెక్కి ఉంటే లైటే మార్చండి. వెనక్కి ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పనిచేసే బ్రేకు లైట్లు, ఇండికేటర్లు తప్పనిసరి. మన వైపు రాత్రుళ్లు ఆగిన బండిని వెనక నుంచి గుద్దడం ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు.

క్యాబిన్‌లో వాడి ముచ్చట తీర్చండి. మంచి సీటు, తల వెనక్కి పడకుండా హెడ్‌రెస్టు, తనంతట బిగుసుకునే మూడు బిందువుల సీటు బెల్టులు లోపల కూర్చునే అందరికీ, పాటల సిస్టం, మ్యాట్లు, తొట్టి లోపల రబ్బరు పరుపు, టార్పాలిన్ కట్టే కొక్కేలు. బాడీ రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి, అది గుర్తుంచుకుని ఉన్న రంగే మళ్లీ వేయించుకోవడం సుఖం.

ఇంకో మాట, దీని మీద నేను మొండిగా ఉంటాను. తొట్టిలో మనుషులు ఎక్కకూడదు. పికప్పు కొన్నాక మొదటి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికే పది మంది స్నేహితులు "వెనక ఎక్కుతాంరా" అంటారు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చేసింది. అంత దూరం పోకముందే, ఎత్తు మీద నిలబడ్డ పది మంది బరువు మలుపులో బండిని ఎటు లాగుతుందో వాడికి తెలియదు. ఈ ఒక్కటి మీ ఇంట్లో ముందే మాట తీసుకోండి.

ఖాళీగా తిరిగే రోజుల్లో వెనక యాక్సిలు మీద రెండు ఇసక బస్తాలు తాడేసి కట్టి ఉంచితే వెనక చక్రాలకి పట్టు వస్తుంది. డాలాకి (తొట్టి వెనక తలుపుకి) ఆనించి వదిలేయకండి, బ్రేకేస్తే అవే ముందుకి దూకుతాయి. 20 నిండాక మొదట ఊళ్ల మధ్య రోడ్లలో తోలించండి, జాతీయ రహదారి 16 తర్వాత. సంక్రాంతి ముందూ వెనకా ఆ ఊళ్ల రోడ్ల మీద వరి, మినుము, ఉలవ పరిచి బండ్లతో తొక్కిస్తారు. ఆ పంట మీద బ్రేకు పడదు. పైగా గడ్డి ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టుకుని, సైలెన్సరు వేడికి అంటుకుంటుంది. తప్పక దాని మీదుగా పోవాల్సి వస్తే, దాటాక బండి పక్కకి ఆపి కిందకి వంగి చూసి, చుట్టుకున్నది లాగేయడం వాడికి అలవాటు చేయండి.

కాగితాలు: ఎంపరివాహన్ (ప్రభుత్వ రవాణా యాప్)లో నెంబరు కొట్టి ట్యాక్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, చలాన్లు, ఫైనాన్సు చూడండి. ఫైనాన్సు ఉన్నట్టు చూపిస్తే, అప్పు తీరిపోయిందని బావమరిది చెప్పినా సరే, ఫారం 35 (ఆర్‌సీలో ఫైనాన్సు తీసేయించే ఫారం), ఫైనాన్సు వాళ్ల ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు ఆ రోజే పెట్టించుకుని 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించండి. సొంత బావమరిదే కదా అని ఆయన పేరు మీదే వదిలేస్తే, రేపు కేసైతే ఇరుక్కునేది ఆయన.

చాసీ చూడ్డానికి వెళ్లినప్పుడు వెనక కమాను బ్రాకెట్లు రెండూ, వెనక వాల్వు రాడ్డు, నాలుగు టైర్ల నాలుగంకెలు, ఆర్‌సీ మీద బండి తరగతి రాసిన చోటు దగ్గర నుంచి ఫొటోలు తీసి పెట్టండి. ఆ నల్ల రంగు కింద ఏముందో ఒక చోట గీకి తీయండి. చూసి ధర సంగతి చెప్తాను.